గంగాళం గిన్నెల కింద కలవదు

అడిగిన ప్రశ్న: "పీఆర్ (శాశ్వత నివాసం) మీద కెనడా వెళ్తున్నాం. నల్గొండ నుంచి ఇంటి సామాను ఓడలో పంపుకుందామనుకుంటున్నాం. కస్టమ్స్ కాగితాలు ఏమేం కావాలి? ఏజెంటు అన్నీ తానే చూసుకుంటానంటున్నాడు, నమ్మొచ్చా?"

లారీ, కంటెయినర్, ఓడ వరకు నమ్మండి. లిస్టు మాత్రం అతని చేతికి ఇవ్వొద్దు. మేము 2017లో నకిరేకల్ నుంచి టొరంటోకు సామాను పంపుకున్నాం. ఆ అనుభవంతో చెప్తున్నా, ఏజెంట్లకు లిస్టు రాయడం రాదు. వాళ్లకు అది అట్టపెట్టెల లెక్క, అంతే. మనకు అది ఇల్లు.

మా ఏజెంటు హైదరాబాద్‌లో ఉండేవాడు. అతను పంపిన కాగితంలో "వాడిన ఇంటి సామాను, 38 పెట్టెలు" అని ఒక్క వరుస ఉంది. దాని కింద "వంట పాత్రలు, 3 పెట్టెలు", "బట్టలు, 9 పెట్టెలు", ఇట్లా ఇంకో ఆరేడు వరుసలు. సంతకం పెట్టి పంపమన్నాడు. నేను పెట్టేదాన్నే. ఆ రోజు నాయిన ఇంట్లో లేకపోతే పెట్టేసేదాన్ని.

నాయిన ముప్పై ఏండ్లు జిల్లా పరిషత్ బడిలో లెక్కల సారు. కాగితం చేతిలోకి తీసుకొని, కళ్లద్దాలు సర్దుకొని చదివి, "ఇండ్ల మీ అమ్మ గంగాళం ఏది?" అన్నాడు. వంట పాత్రలలో వస్తుంది నాయినా అన్నాను. "గంగాళం గిన్నెలల్ల ఎట్ల కలుస్తది బిడ్డా? దాని పేరు దానికి రాయాలె. రేపు ఒకడు పెట్టె ఇప్పి ఇదేంది అని అడిగితే ఏం జెప్తవ్?" అన్నాడు. అదే సాయంత్రం తమ్ముణ్ణి పంపించి లాంగ్ నోటుబుక్కు తెప్పించాడు.

తర్వాత నాలుగు రోజులు మా ఇంటి అరుగు మీద జరిగింది అదే పని. అమ్మ ఒక్కొక్క వస్తువూ తెచ్చి ముందు పెట్టేది. నాయిన స్కేలు పెట్టి గీసుకున్న గళ్లలో రాసేవాడు. వరుస నంబరు, వస్తువు పేరు, ఎన్ని, ఇంట్లోకి వచ్చి ఎన్నేండ్లయింది, ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుంది. మిక్సీ, కుట్టుమిషను లాంటి వాటికి కంపెనీ పేరు, మోడలు, వెనక రేకు మీద ఉండే సీరియల్ నంబరు. ఆ నంబరు కనబడక మిక్సీని బోర్లించి, టార్చి పెట్టి, నేను చదువుతుంటే ఆయన రాసుకున్నాడు. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో నేను ఇంగ్లీషు. గంగాళానికి "పెద్ద ఇత్తడి పాత్ర, నీళ్లు కాచుకునేది" అని రాశాను. విసుర్రాయికి "రెండు గుండ్రటి రాళ్లు, చేత్తో తిప్పి పిండి విసిరేది". ఇంకా పాతిక పోచంపల్లి చీరలు, జొన్నరొట్టెల పెనం, పిల్లల తొట్టెల గొలుసులు. మొత్తం 214 వరుసలు అయ్యాయి.

నాయినకు కెనడా రూల్సు ఏవీ తెలియవు. కానీ ఆయన గీసిన గళ్లు దాదాపు కెనడా కస్టమ్స్ అడిగేవే. వాళ్లకు కావలసింది రెండు కాపీల లిస్టు, అందులో వస్తువు, విలువ, వర్తించేచోట కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు. లిస్టు రెండు భాగాలుగా ఉండాలి. మీతోపాటు విమానంలో తెచ్చుకునేవి ఒకటి, వెనక రాబోయేవి ఇంకొకటి. ఈ రెండో భాగమే మీ ప్రాణం. మొదటిసారి కెనడాలో అడుగుపెట్టిన రోజే, అక్కడి విమానాశ్రయంలోనే ఇది చూపించాలి. సామాను అప్పటికి నకిరేకల్‌లోనే ఉన్నా సరే, ఓడ ఎక్కకపోయినా సరే. ఇల్లు దొరికాక రాసుకుందాంలే అనుకుంటే, తర్వాత వచ్చే సామాను మీద సుంకం, పన్ను పడతాయి. మా ఆయన స్నేహితుడు ఒకాయన ఒక వారం కోసం వెళ్లి పీఆర్ ముద్ర వేయించుకొని వచ్చాడు. ఆ రోజు చేతిలో లిస్టు లేదు. ఆ తర్వాత ఆయన పడ్డ తిప్పలు ఒక పెద్ద కథ.

టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో మాకు ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. అధికారి నోటుబుక్కు జిరాక్సులు తిరగేశాడు, పెనం దగ్గర ఆగి ఏంటని అడిగాడు, చెప్పాం. చివరి వరుస కింద అడ్డంగా ఒక గీత గీసి, ముద్ర వేసి, బీ4 ఫారం నింపి ఒక కాపీ ఇచ్చాడు. ఇప్పుడు ఆ ఫారాన్ని బీఎస్ఎఫ్186 అంటున్నారు. దాని మీద ఒక ఫైలు నంబరు ఉంటుంది. సామాను వచ్చినప్పుడు ఈ కాగితం చూపిస్తేనే సుంకం లేకుండా వదులుతారు. పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోండి.

ఇక అసలు ఇబ్బంది. మేము వెళ్లాక సామాను కట్టించింది మా తమ్ముడు. చిన్నమ్మ చూడడానికి వచ్చింది. బిడ్డ అంత దూరం పోయింది, ఒక్కటన్నా నా చేతిది పోవద్దా అని, పన్నెండో పెట్టెలో చీరల మధ్య ఒక కొత్త ప్రెషర్ కుక్కరు, ధర చీటీ కూడా తీయకుండా పెట్టింది. దాని లోపల గుడ్డ మూటలో గోరుచిక్కుడు విత్తనాలు, దోస విత్తనాలు. తమ్ముడు అడ్డు చెప్పలేదు. చిన్నమ్మకు ఎవరు అడ్డు చెప్తారు?

సామాను వచ్చిందని నోటీసు వచ్చింది. మా కాగితాలు మేమే పట్టుకొని వెళ్లాం. మన సొంత సామానుకు కస్టమ్స్ పని చేసిపెట్టే బ్రోకరు ఉండి తీరాలని లేదు, మనమే చేయించుకోవచ్చు. పాస్‌పోర్టులు, పీఆర్ కాగితం, బీ4 కాపీ, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు), లిస్టు. అయినా సామాను తనిఖీకి ఆపారు. గోదాంలో పెట్టెలు ఇప్పించి చూస్తామన్నారు. కారణం ఏజెంటు కాగితమే. అతని "38 పెట్టెలు" ఒక లెక్క, మా 214 వరుసలు ఇంకో లెక్క, ఏ పెట్టెలో ఏముందో రెంటిలోనూ లేదు.

గోదాంలో నేల మీద మా ఇల్లు పరిచినట్టుగా ఉంది. తనిఖీ చేస్తున్నామె ఒక్కొక్క వస్తువు పేరు చదువుతుంటే నేను చూపిస్తున్నాను. గంగాళం, ఉంది. పెనం, ఉంది. విసుర్రాయి ఎత్తబోయి బరువుకు ఆగి, దీన్ని నిజంగా వాడతారా అని అడిగింది. మా అమ్మ పెండ్లప్పుడు వాళ్లమ్మ ఇచ్చింది, మేము చిన్నప్పుడు దీని మీదే విసిరేవాళ్లం అని చెప్పాను. ఆమె రాయి అంచు మీద వేలితో రాసి చూసింది. మట్టి ఉందేమోనని. కెనడాలోకి బయటి దేశాల మట్టి రానివ్వరు. సామాను కట్టడానికి ముందు నాయిన ఆ రాయిని బోరు కింద పెట్టి కొబ్బరి పీచుతో, తర్వాత పాత పండ్ల బ్రష్షుతో గాట్లలో పేరుకున్న మన్నంతా కడిగి రెండు రోజులు ఎండలో పెట్టాడట. ఆమె వేలికి ఏమీ అంటలేదు. తల ఊపి పక్కకు జరిగింది. నాకు అక్కడే కళ్లల్లో నీళ్లు వచ్చాయి.

రాయి కట్టిన చెక్కపెట్టె మీద మాత్రం ముద్ర కోసం వెతికింది. చెక్కతో పెట్టె కట్టిస్తే పురుగు లేకుండా వేడి చేసిన చెక్క అని గోధుమ కంకి గుర్తు ఉన్న ముద్ర ఉండాలి. మీ ఊళ్లో వడ్లాయన దగ్గర మామూలు చెక్కతో కొట్టించారో, పెట్టెను వెనక్కి పంపుతారు. మాది హైదరాబాద్‌లో కట్టించాం కాబట్టి సరిపోయింది.

అప్పుడు పన్నెండో పెట్టె ఇప్పారు. చీరలు లెక్కకు సరిపోయాయి, వాటి నడుమ మెరిసిపోతున్న కుక్కరు. లిస్టులో లేదు. మనం కెనడాలో దిగేనాటికి మనదై, మన దగ్గర ఉండి, మనం వాడినదై ఉంటేనే సుంకం మాఫీ. ఇది మూడింటిలో ఒక్కదానికీ సరిపోలేదు. దాని మీద పన్ను కట్టాం, అది పెద్ద మొత్తమేమీ కాదు. విత్తనాల మూట పక్కకు పెట్టింది, అది మాకు తిరిగి రాలేదు. ఆ కుక్కరు వల్ల మిగతా పెట్టెలన్నీ ఇంకా వివరంగా చూశారు, నాలుగు రోజులు గోదాం అద్దె పడింది. చిన్నమ్మకు ఇప్పటికీ ఆ సంగతి చెప్పలేదు. కుక్కరు బాగుందని చెప్పాను, బాగుంది కూడా.

కొత్త వస్తువులకు ఒక్క మినహాయింపు ఉంది, ఇది మన దగ్గర చాలామందికి తెలియదు. దిగడానికి ముందు మూడు నెలల లోపు పెండ్లయినా, దిగాక మూడు నెలల లోపు పెండ్లి చేసుకోబోతున్నా, పెండ్లి కానుకలు వాడకపోయినా సరే సుంకం లేదు. దిగేనాటికి మీవై మీ దగ్గర ఉంటే చాలు. పెండ్లికూతురు తెచ్చుకునే ఇంటి సామానుకూ అదే. అంటే మన సారె సామాను! కొత్త దంపతులు ఎవరైనా ఇది చదువుతుంటే, సారె ఇత్తడి బిందెల మీద చీటీలు పీకాల్సిన పని లేదు, లిస్టులో పేర్లు మాత్రం రాయండి.

బంగారం ఓడలో పంపొద్దు, ఒంటి మీదో చేతి సంచిలోనో తీసుకెళ్లండి. కానీ లిస్టులో రాయండి. నల్గొండ గడియారం చౌరస్తా దగ్గర నగల దుకాణంలో ప్రతి నగా తూకం వేయించి, విలువ రాయించి, ఫొటోల వెనక తేదీ వేయించి సంతకం పెట్టించాం. "రెండు వరసల పుస్తెలతాడు, ఇన్ని గ్రాములు" అని కాగితం చెప్పాలి, "బంగారం" అని కాదు. శంషాబాద్‌లో ఎక్కేముందు మన కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ కూడా తీసుకోండి. రేపు చెల్లెలి పెండ్లికి అవే నగలు వేసుకొని వచ్చినప్పుడు ఎక్కడ కొన్నావని ఎవరూ అడగరు. ఏ ఒక్క వస్తువు విలువైనా పది వేల కెనడా డాలర్లు దాటితే దాటినంత మేరకు సుంకం పడుతుందని గుర్తుంచుకోండి. సుంకం లేకుండా తెచ్చుకున్నది 12 నెలల లోపు అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా అప్పుడు కట్టాలి.

మా అవ్వ నాటి దీపపు సెమ్మె ఒకటి ఉంది. అది కూడా తీసుకెళ్దామని మా ఆయన. మన దేశ చట్టం ప్రకారం వందేండ్లు దాటిన శిల్పాలు, కళావస్తువులు, 75 ఏండ్లు దాటిన రాతప్రతులు దేశం దాటించకూడదు. 1972 నాటి చట్టం అది. పాతదిగా కనిపించే వస్తువు పంపాలంటే అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ సర్టిఫికెట్ ఉండాలి. ఏజెంటు "ఇత్తడి సామాను అని రాసేద్దాం మేడమ్" అన్నాడు. నాయిన ఒప్పుకోలేదు. సెమ్మె నకిరేకల్‌లోనే దేవుడి గూట్లో ఉంది. మీ ఇంట్లో తాళపత్రాలు లాంటివి ఏమైనా ఉంటే వాటి జోలికి అసలు పోవద్దు.

ఇంకో మాట. "అక్కడ అన్నీ దొరుకుతయ్, గీ రాళ్లు రప్పలు మోసుకపోవుడెందుకు" అనే చుట్టాలు మీకూ ఉంటారు. మాకు హైదరాబాద్‌లో ఇద్దరున్నారు. దొరుకుతాయి, నిజమే. మా అమ్మమ్మ చేతిలో అరిగిన రాయి ఏ దుకాణంలో దొరుకుతుంది? మీకు ఏది కావాలో మీరు తేల్చుకోండి, వాళ్లను అడగకండి. డబ్బు సంగతి వేరు. ఏజెంటు ఘనపు మీటరుకు ఇంత అని చెప్పే ధరలో అక్కడి రేవు, గోదాం ఖర్చులు చాలాసార్లు ఉండవు. అవి ఒక్కోసారి ఓడ కిరాయిని మించుతాయి. అక్కడ దిగాక పడేవన్నీ కలిపి రాతపూర్వకంగా ఇవ్వమని పట్టుబట్టండి. మేము పట్టుబట్టలేదు, కట్టాం.

మీరు ఇంకా సామాను కట్టకపోతే మా కంటే మంచి స్థితిలో ఉన్నారు. మేము వెళ్లాక కట్టించి తప్పు చేశాం. మీరు విమానం ఎక్కకముందే కట్టించండి, ప్రతి వరుస పక్కన పెట్టె నంబరు రాయండి, పెట్టె మీద అదే నంబరు నాలుగు వైపులా మార్కరుతో రాయండి. చివరి పెట్టెకు టేపు వేసేటప్పుడు మీరే అక్కడ ఉండండి. డీసీఎం సనత్‌నగర్ కంటెయినర్ డిపోకు కదిలే వరకు ఇంటికి ఏ చిన్నమ్మ వచ్చినా టీ ఇచ్చి కూర్చోబెట్టండి, పెట్టె మాత్రం మళ్లీ ఇప్పొద్దు. ఏజెంటుకు రేపే ఫోను చేసి, తన ప్యాకింగ్ లిస్టులో మీ వరుస నంబర్లే వాడతాడా అని అడగండి. వాడనంటే వేరే అతన్ని చూసుకోండి, హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు.