పాత కారు క్యాసెట్ స్టీరియోలో ఐపాడ్ పాటలు: నేను పడిన తంటాలు

మీ నాన్నగారి మారుతి జెన్‌లో క్యాసెట్ స్టీరియో తప్ప మరొకటి లేదని, దాన్ని పీకేయకుండా మీ పాత ఐపాడ్ పాటలు అందులో వినడం ఎలాగని అడిగారు. మాదీ అనంతపురమే, మా ఇంట్లోనూ అలాంటి కారే ఉంది. స్టీరియో మార్చేస్తానంటే మా నాన్న ఒప్పుకోలేదు. అందుకని ఒకదాని తర్వాత ఒకటిగా మూడు పద్ధతులు చూశాను. క్యాసెట్ అడాప్టర్ కొనండి, మిగతావాటి జోలికి వెళ్ళకండి అన్నదే నా మాట. ఎందుకో చెబుతాను.

మొదట ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కొన్నాను. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే అది కారులోనే ఓ బుల్లి రేడియో స్టేషన్. దానిలో పెట్టిన స్టేషన్ అంకెనే (ఫ్రీక్వెన్సీ) స్టీరియో రేడియోలోనూ పెట్టుకుంటే పాట వినిపిస్తుంది. ఇక్కడ ఆకాశవాణి 101.7 మీద వస్తుంది కనుక దానికి దూరంగా ఉండాలని 98.3 ఎంచుకున్నాను. ఊళ్ళో ఏ ఇబ్బందీ లేదు. ఒకసారి నాన్నతో బెంగళూరు బయలుదేరాను. జాతర నాటకాల్లో పాడిన పద్యాలు ఆయన క్యాసెట్ల నుంచి నేనే ఐపాడ్‌లోకి ఎక్కించాను, అవే వింటున్నాం. పెనుకొండ, బాగేపల్లి దాటాం. ఇంకాస్త ముందుకు వెళ్ళేసరికి రాగాలాపన నడుమ కన్నడంలో నగల దుకాణం ప్రకటన దూరింది. బెంగళూరులో సరిగ్గా 98.3 మీదే ఒక ప్రైవేటు స్టేషన్ ఉందని అప్పుడు తెలిసింది. ఎఫ్‌ఎం గుణమే అంత, ఒకే అంకె మీద రెండు వస్తే బలమైనది రెండోదాన్ని మింగేస్తుంది. అంకె మార్చుకుంటూ కారు నడపడం కంటే పాటలు లేకుండా వెళ్ళడమే మేలనిపించింది.

తర్వాత క్యాసెట్ అడాప్టర్. చూడటానికి మామూలు క్యాసెట్టే, ఒక తీగ మాత్రం బయటికి వచ్చి ఐపాడ్ హెడ్‌ఫోన్ రంధ్రంలోకి వెళ్తుంది. లోపల టేపు ఉండదు. టేపు తగలవలసిన చోట చిన్న హెడ్ ఉండి, పాటను అయస్కాంత క్షేత్రంగా మార్చి, స్టీరియోలో టేపును చదివే హెడ్‌కు అందిస్తుంది. తన ముందు టేపే నడుస్తోందని స్టీరియో నమ్ముతుంది. నమ్మించడంలోనే ఉంది చిక్కంతా. నేను మొదట కొన్న చవక రకం పెట్టగానే ప్రతి ఐదారు సెకన్లకూ టక్కుమని వైపు మారేది. మాది ఆటో రివర్స్ ఉన్న స్టీరియో. చక్రం తిరగడం ఆగితే టేపు అయిపోయిందనుకుని రెండో వైపుకు మారుతుంది. అడాప్టర్‌లోని పళ్ళ చక్రాలు రెండు ఇరుసులనూ సాఫీగా తిరగనివ్వాలి, నా దానిలో అవి పట్టేసేవి. దాన్ని పడేసి మరొకటి కొన్నాను. ఈసారి శబ్దం ఎక్కడో బావిలో నుంచి వస్తున్నట్టు వినిపించింది. అడాప్టర్‌ది లోపం కాదు, స్టీరియో రెండో వైపు చదువుతోంది. వైపు మార్చే బటన్ నొక్కగానే పాట ఒక్కసారిగా విప్పారింది.

కొనేముందు స్టీరియో హెడ్ తుడవండి. ఇన్నేళ్ళ టేపుల గోధుమరంగు పొడి దాని మీద పేరుకుని ఉంటుంది. దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది రుద్దితే పోతుంది. టేపు బుసను తగ్గించే డాల్బీ బటన్ ఉంటే ఆపేయండి, లేకపోతే సన్నని స్వరాలన్నీ మొద్దుబారతాయి. ఐపాడ్ శబ్దం నాలుగింట మూడొంతుల దగ్గర ఉంచి, ఆపైన హెచ్చుతగ్గులన్నీ స్టీరియోతోనే చేసుకోవాలి. ఐపాడ్‌లో తక్కువ పెట్టి స్టీరియోలో పెంచితే బుస వినిపిస్తుంది. ఐపాడ్‌లో పూర్తిగా పెంచితే గొంతు పగులుతుంది. పాట ఆగిన చోట అడాప్టర్ చక్రాల కిరకిర కొంచెం వినిపిస్తుంది, దానికి అలవాటు పడాలి.

మూడో పద్ధతి, స్టీరియో విప్పించి, బయటి పాటను నేరుగా లోపలికి అందించే ఆక్స్ తీగ పెట్టించుకోవడం. కడపలో మా బావ తన కారుకు అలాగే చేయించాడు. పాట శుభ్రంగా వస్తుంది, కాదనను. కానీ ఐపాడ్‌ను కారులోనే ఛార్జింగ్‌కు పెడితే ఈల లాంటి మోత మొదలయ్యేది, యాక్సిలరేటర్ తొక్కితే ఈల కూడా పెరిగేది. ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ చేసే రొద ఛార్జర్ తీగ, పాట తీగ కలిసి ఏర్పడిన చుట్టులో తిరుగుతుంది. నడుమ గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బా పెట్టాక పోయింది. క్యాసెట్ అడాప్టర్‌లో రెండు హెడ్ల మధ్య తీగ కలయిక లేదు కాబట్టి నాకు ఆ బాధే లేదు. ఇంకో మాట. స్టీరియో వెనుక ఎరుపు, తెలుపు గుండ్రని సాకెట్లు కనిపించాయని సంబరపడకండి. అవి చాలాసార్లు యాంప్లిఫైయర్‌కు పాటను బయటికి పంపేవి, లోపలికి తీసుకునేవి కావు.

మన ఎండలు మీకు తెలియనివి కావు. కారు ఎండలో ఆపినప్పుడు అడాప్టర్‌ను స్టీరియోలో వదలకండి, ఐపాడ్‌ను డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. ఒక మే నెలలో నా రెండో అడాప్టర్ వంగిపోయి బయటికి రానని మొరాయిస్తే మెకానిక్ చేత ఊడదీయించాను.

మీ స్టీరియోలో క్యాసెట్టు పొడవుగా లోపలికి వెళ్తుందా, అడ్డంగా వెళ్తుందా, ఆటో రివర్స్ ఉందా అన్నది రాయండి. తీగ ఏ వైపు నుంచి వచ్చే అడాప్టర్ మీకు సరిపోతుందో చెబుతాను.