ట్రంకు పెట్టెల నిండా రేడియో సామాను, ఎదురుగా ఎంసెట్: అమ్మాయికి ఏం చెప్పాలి?

రేపల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి పెడుతున్నాను.

"సార్, మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. మా మామగారు 40 ఏళ్లు రేడియోలు, గడియారాలు రిపేరు చేశారు. ఆయన పోయాక కొట్టు ఖాళీ చేస్తే రెండు ట్రంకు పెట్టెల సామాను ఇంటికొచ్చింది. ఒక పెట్టె తెరిచి, అందులోని పళ్ల చక్రాలు, నాబులు, తీగలతో పిల్ల పక్షుల్ని, మనుషుల్ని చేస్తోంది. చూసినవాళ్లంతా బాగున్నాయంటున్నారు. డిజైన్ చదువుతానంటుంది. వాళ్ల నాన్నగారేమో ఎంసెట్ రాసి ఇంజినీరింగ్‌లో చేరమంటున్నారు. తీరా చూస్తే మూడు నెలలుగా ఒక్క బొమ్మా చేయలేదు, ఐడియాలు రావట్లేదని ఏడుస్తోంది. ఇది నిజమైన ఇష్టమేనా, చదువు తప్పించుకోవడానికా? పాత సామానుతో బొమ్మలు చేస్తే బతుకుతెరువు ఉంటుందా?"

అమ్మా, బతుకుతెరువు సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ మూడు నెలల గురించి మాట్లాడాలి. చదువు తప్పించుకోవాలనుకునే పిల్లలు ఐడియా రాలేదని ఏడవరు. ఒకటి విసుగొస్తే హాయిగా ఇంకో దాంట్లో పడతారు. మీ అమ్మాయి చేసిన పక్షుల్ని అందరూ మెచ్చుకుంటున్నా మళ్లీ అలాంటి పక్షినే చేయడానికి చేతులు రావట్లేదంటే, తను చేసే పని తనకే చాలట్లేదని అర్థం. నాకైతే ఇది మంచి కబురులాగే ఉంది. కానీ ఆ పిల్లకి ఇప్పుడు అలా అనిపించదు కాబట్టి మీరు కంగారు పడొద్దు, "ఏమైంది నీ బొమ్మలు?" అని రోజూ అడగొద్దు.

ఇక్కడి నుంచి కొంచెం అమ్మాయితోనే మాట్లాడతాను, తనకి చదివి వినిపించండి.

తల్లీ, పాత వస్తువులతో పనిచేసే ప్రతివాళ్లూ మొదట్లో చేసేది నువ్వు చేసిందే. చక్రం చూస్తే కన్నులా ఉంది, స్ప్రింగు చూస్తే మెడలా ఉంది, నాబు చూస్తే టోపీలా ఉంది. "ఇది దేనిలా ఉంది?" అన్న ప్రశ్నతో ఒక ఇరవై బొమ్మలు వస్తాయి, ఆ తర్వాత ఆగిపోతుంది, ఎందుకంటే ఆ ప్రశ్నకి వస్తువు గురించి ఏమీ తెలియక్కర్లేదు, దాని ఆకారం చాలు. రెండో ప్రశ్న వేరు. ఇది ఏం పని చేసేది? ఎవరి చేతుల్లో ఉండేది? ఎక్కడ అరిగింది, ఎందుకు అక్కడే అరిగింది? మీ తాతగారి పెట్టెలో పాత వాల్వు రేడియో డయల్ గాజు ఉంటే ఒకసారి తీసి చూడు. చాలా వాటి మీద ఢిల్లీ, సిలోన్, లండన్ అని ఊళ్ల పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఆ రేడియో ఇంట్లోవాళ్లు ఆఖరిసారి విన్నప్పుడు ముల్లు ఏ ఊరి దగ్గర ఆగింది? రిపేరుకిచ్చి మళ్లీ తీసుకెళ్లడానికి ఎందుకు రాలేదు? ఒకప్పుడు రేడియోకి లైసెన్సు ఉండేది, దానికో చిన్న పుస్తకం, ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి స్టాంపు వేయించుకునేవాళ్లు. అలాంటి పుస్తకం ఏదైనా ఆ పెట్టెలో దొరికితే దాన్ని పక్షి రెక్క చేయడానికి నీకే మనసొప్పదు. అదిగో, అక్కడ మొదలవుతుంది రెండో రకం పని.

ఎల్ అనాట్సుయి అని ఒక శిల్పి ఉన్నాడు. ఘానాలో పుట్టాడు, నైజీరియాలో న్సుక్కా అనే ఊళ్లో యూనివర్సిటీలో ఏళ్ల తరబడి శిల్పం నేర్పాడు. 1990ల చివర్లో ఆ చుట్టుపక్కలే ఆయనకి ఎవరో పారేసిన మద్యం సీసాల మూతల సంచి ఒకటి దొరికింది. తెచ్చాడు గానీ వెంటనే ఏం చేయాలో తోచలేదు, స్టూడియోలో కొన్నాళ్లు అలాగే ఉంచుకున్నాడు. తర్వాత ఆ మూతల్ని చదును చేసి, మడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టడం మొదలుపెట్టాడు. వేల మూతలు కలిసి గోడంతటి బట్టలా తయారయ్యాయి, వేలాడదీస్తే చీరలా మడతలు పడతాయి. ఇది దూరం నుంచి చూసి అందంగా ఉందనుకుని వదిలేయడానికి కాదు. మద్యం అనేది యూరప్ వర్తకులు ఆఫ్రికా తీరానికి తెచ్చిన సరుకు, దాని వెనక బానిస వ్యాపారం కూడా ఉంది. ఆ చరిత్రంతా మూతలో ఉందని ఆయనకి తెలుసు కాబట్టే మూతని మూతగానే ఉంచాడు. 2015లో ఇటలీలో జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బియెనాలేలో ఆయనకి జీవిత సాఫల్యానికి గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చారు. నువ్వు ఖాళీగా గడిపానని బాధపడుతున్న మూడు నెలలు ఆ సంచి స్టూడియోలో ఉన్న రోజుల్లాంటివే అయి ఉండొచ్చు, కాకపోతే ఆ రోజుల్లో చేయాల్సిన పని కొంత ఉంటుంది.

ఆ పని ఏమిటో అమెరికాలో జోసెఫ్ కార్నెల్ అనే ఆయన్ని చూస్తే తెలుస్తుంది. ఆర్ట్ కాలేజీకి వెళ్లలేదు, న్యూయార్క్‌లో బట్టల వ్యాపారంలో ఉద్యోగం, తల్లితోనూ తమ్ముడితోనూ కలిసి ఉండేవాడు. పాత పుస్తకాల కొట్లూ చౌక సామాను కొట్లూ తిరిగి తెచ్చిన మ్యాపులు, గాజు గోళీలు, పొగతాగే మట్టి పైపులు, పాత బొమ్మల కాగితాలు ఇంటి కింద గదిలో దేనికదే పెట్టెల్లో వేసి, మీద పేర్లు రాసి పెట్టుకునేవాడు. వాటిలోంచి ఏరిన నాలుగైదు వస్తువుల్ని గాజు ముఖం ఉన్న చిన్న చెక్కపెట్టెలో అమర్చితే అదే ఆయన కళాఖండం. ఏ వస్తువు పక్కన ఏది పెడితే ఏం గుర్తొస్తుంది అన్నదే ఆయన జీవితమంతా చేసిన పని, అది సామాను సర్దుతున్నప్పుడు దొరికేది. పికాసో 1942లో సైకిల్ సీటునీ హ్యాండిల్నీ కలిపి ఎద్దు తల చేశాడు కదా, అది క్షణంలో తట్టిందనే చెప్పాడు, నిజమే అయి ఉంటుంది, కానీ అప్పటికి ఆయనకి 60 ఏళ్లు, చిన్నప్పటి నుంచీ ఎద్దుల పోట్లు చూస్తూ, బొమ్మలు గీస్తూ వచ్చిన కళ్లు అవి.

కాబట్టి ఒక నెల బొమ్మలు చేయకు. మొదటి పెట్టెలో సామాను మొత్తం పాత దుప్పటి మీద పరిచి వేరుచెయ్యి. ఒకసారి లోహాన్ని బట్టి, ఇంకోసారి రంగుని బట్టి, మరోసారి అరుగుదలని బట్టి. ప్రతిసారీ ఫొటో తియ్యి. రోజుకి ఒక్క వస్తువు తీసుకుని నాలుగు వైపుల నుంచి పెన్సిల్‌తో గియ్యి, పక్కన రెండు ముక్కలు రాయి. రేడియోలో స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ ఎలా తిరుగుతుందో, గడియారంలో బ్యాలెన్స్ వీల్ ఎందుకు ఊగుతుందో తెలియకపోతే మీ ఊళ్లో ఇంకా ఒకరో ఇద్దరో ముసలి మెకానిక్కులు ఉంటారు, వెళ్లి అడుగు, ఫలానావారి మనవరాలినంటే కూర్చోబెట్టి చెప్తారు. నెల తర్వాత నీకు నువ్వే ఒక షరతు పెట్టుకో. మూడే వస్తువులు, ఏదీ కోయకూడదు, రంగు వేయకూడదు, జిగురు వాడకూడదు, తీగతోనో స్క్రూతోనో కలపాలి. చేతులు కట్టేసినట్టుంటుంది మొదట, కానీ ఎంసీల్ పెట్టి ఏదైనా దేనికైనా అతికించేయొచ్చు అనుకున్నంతకాలం వస్తువు వైపు సరిగ్గా చూడం.

ఇంకొకటి. రేపల్లెలో రైలెక్కితే తెనాలి. అక్కడ సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, ఆయన కొడుకు రవిచంద్ర పాత నట్లు, గేర్లు, బేరింగులతో విగ్రహాలు చేస్తారు. 2021లో వాళ్లు చేసిన 14 అడుగుల మోదీ విగ్రహం గురించి దేశమంతా రాశారు. నీ పని అలాగే ఉండక్కర్లేదు, కానీ వెల్డింగు ఎక్కడ కనబడనివ్వాలి, ఎక్కడ దాచాలి, అంత బరువు ఎలా నిలబెట్టాలి అన్నవి దగ్గరుండి చూస్తే వచ్చేవి. నాన్నగారిని కూడా తీసుకెళ్లు.

ఇప్పుడు మళ్లీ మీకు, అమ్మా.

పరీక్షల సంగతి. ఈ బొమ్మలు వేరు, చదువు వేరు అని మీవారు అనుకుంటున్నారేమో, డిజైన్ ప్రవేశ పరీక్షల్లో అడిగేది చాలావరకు ఇదే. నిఫ్ట్‌లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీకి సిట్యుయేషన్ టెస్ట్ అని ఉంటుంది. ఒక సందర్భం చెప్పి, కొన్ని వస్తువులు చేతికిచ్చి, ఇచ్చిన టైములో వాటితోనే మోడల్ చేయమంటారు. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ల రెండో దశ పరీక్ష మెయిన్స్‌లో స్టూడియో టెస్ట్ కూడా ఆ దారిలోదే. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ ఉంది, దానికి ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో లెక్కలు, తర్కం, బొమ్మ గీయడం మూడూ కావాలి కాబట్టి ఎంపీసీ పిల్లలకి నష్టం ఏమీ లేదు. ఆ పరీక్ష వరుసగా రెండేళ్లు మించి రాయనివ్వరు, గుర్తుంచుకోండి. ఎన్‌ఐడీ కోసం అహ్మదాబాద్ దాకా వెళ్లక్కర్లేదు, 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ మీకు దగ్గర్లోనే అమరావతి ప్రాంతంలో ఉంది. శిల్పమే ప్రాణం అనుకుంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ అనే కళల డిగ్రీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, బయటికి పంపగలిగితే బరోడా, శాంతినికేతన్. డిజైన్ పరీక్షల దరఖాస్తులు సాధారణంగా ఇంటర్ పరీక్షలకి చాలా ముందే, చలికాలంలోపే ముగిసిపోతాయి. ఎంసెట్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోతుంది. ఎంతోమంది తల్లిదండ్రులు నా దగ్గరికి మే నెలలో వస్తారు, అప్పుడు నేను చేయగలిగేది ఏమీ ఉండదు.

ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) కూడా రాయనివ్వండి, నాన్నగారి మనసు కుదుటపడుతుంది. దాని కోసం లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో మాత్రం పెట్టొద్దు.

ఇంటర్వ్యూకి తీసుకెళ్లే పోర్ట్‌ఫోలియో గురించి ఒక మాట. కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి 20 అందమైన ఫొటోలు పట్టుకెళ్లాడు, అన్నీ పూర్తయిన బొమ్మలే. "కుదరనివి ఏవి? ఎందుకు కుదరలేదు?" అని అడిగితే చూపించడానికి ఏమీ లేదు, విరిగినవన్నీ పారేశాడు. సీటు రాలేదు. ఆ తప్పులో సగం నాది, ముందే చెప్పి ఉండాల్సింది. మీ అమ్మాయి నోటుపుస్తకాలు, సగంలో ఆగిన బొమ్మలు, ఈ మూడు నెలల్లో చిరాకుతో గీసి కొట్టేసినవి కూడా దాచండి. పండగ శుభ్రం పేరుతో తీసేయకండి.

బతుకుతెరువు అడిగారు. పాత సామానుతో చేసిన బొమ్మలు అమ్ముకునే ఇల్లు గడపడం మొదటి ఐదారేళ్లలో చాలా కష్టం, అది దాచిపెట్టి మిమ్మల్ని సంతోషపెట్టలేను. ఒక బొమ్మకి 30 గంటలు పడుతుంది, కొనేవాళ్లు "పాత ఇనుమే కదా" అని బేరం ఆడతారు. శిల్పారామం లాంటి చోట స్టాల్ పెట్టినా గంటల లెక్క వేసి ధర చెప్పడం నేర్చుకోకపోతే చేతి కూలి కూడా రాదు. కానీ వస్తువుని ఇంతగా అర్థం చేసుకునే చేతులకి వేరే ఉద్యోగాలు ఉన్నాయి. ప్రాడక్ట్ డిజైన్, బొమ్మల డిజైన్, మ్యూజియం ఎగ్జిబిషన్లు, షోరూముల్లో డిస్‌ప్లే, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్. సినిమాలో ఒక పాతకాలం ఇల్లు వేయాలంటే ఏ ఏడాది రేడియో ఎలా ఉండేదో తెలిసినవాళ్లు కావాలి, అయితే అక్కడ అసిస్టెంటుగా మొదలవ్వాలి, సినిమాకి సినిమాకి మధ్య ఖాళీలు తట్టుకోవాలి. ఎవరూ పట్టించుకోని ఇంకో దారి నాకు చాలా ఇష్టం, పురాతన వస్తువుల సంరక్షణ. డిగ్రీ తర్వాత నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో దానికి పీజీ ఉంది, కెమిస్ట్రీ వచ్చినవాళ్లకి అక్కడ మంచి పట్టు దొరుకుతుంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం దగ్గర అమ్మాయిని నిలబెట్టండి. అందరూ బొమ్మ ఎప్పుడు బయటికొస్తుందా అని చూస్తారు, తను దాని లోపల ఏముందా అని చూస్తే ఆ దారి గురించి ఆలోచించొచ్చు.

నాన్నగారికి ఇంకో ఉదాహరణ చెప్పండి. చండీగఢ్ రాక్ గార్డెన్ కట్టిన నేక్‌చంద్ రోడ్ల ఇన్‌స్పెక్టర్. 1950ల చివర్లో, కొత్త నగరం కోసం కూల్చిన ఊళ్ల శిథిలాలు, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు సైకిల్ మీద మోసుకెళ్లి అడవిలో ఎవరికీ తెలియకుండా బొమ్మలు కట్టాడు. 1970ల మధ్యలో అధికారులు కనిపెట్టారు, అనుమతి లేని కట్టడం కాబట్టి కూల్చేసి ఉండేవాళ్లే, జనం చూసి మురిసిపోవడంతో 1976లో అది పార్కు అయింది, ఆయనకి జీతం ఇచ్చి అదే పని చేయమన్నారు. 1984లో పద్మశ్రీ. ఉద్యోగం మానకుండానే మొదలుపెట్టాడు అన్నది మీవారికి నచ్చుతుంది. మీ అమ్మాయి అలా 18 ఏళ్లు దాచుకుని చేయాల్సిన అవసరం లేకుండా చూడటం మీ ఇద్దరి చేతుల్లో ఉంది.

జాగ్రత్తలు, ఇవి మాత్రం ఈ రోజే చెప్పండి. పాత గడియారాల్లో చీకట్లో మెరిసే అంకెలు ఉంటే వాటిని గీకనివ్వకండి, కొన్నిటికి రేడియం పూత ఉండేది, ఆ పొడి ఒంట్లోకి పోకూడదు. పాత రేడియోని కరెంటుకి పెట్టి చూడొద్దు. టీవీ పిక్చర్ ట్యూబు పగలగొట్టొద్దు. సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలి, తీగలు కత్తిరించేటప్పుడు కళ్లకి అద్దాలు. తుప్పు ఇనుముతో పని కాబట్టి టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారో చూసుకోండి. ఏదైనా వస్తువు వందేళ్లు దాటిందనిపిస్తే కోయడం, అమ్మడం రెండూ ఆపి తెలిసినవాళ్లకి చూపించండి, 1972 చట్టం ప్రకారం అలాంటివి పురావస్తువుల కిందికి రావొచ్చు.

రెండో పెట్టె ఇంకా తెరవనట్టుంది కదా. దాన్ని నాన్నగారు, అమ్మాయి కలిసి తెరిచేలా చూడండి. అది ఆయన తండ్రి సామాను, ఏ వస్తువు ఎవరిదో, కొట్లో ఏ మూల ఉండేదో ఆయనకే తెలుసు. ఆయన చెప్తుంటే పిల్లని పక్కన కూర్చుని రాసుకోమనండి.