ఉన్న ఊళ్లోనే లాంచీ షికారు

ప్రశ్న: పుట్టి పెరిగింది విజయవాడలోనే అయినా ఇంతవరకూ కృష్ణలో బోటు ఎక్కలేదు. ఆదివారం సాయంత్రం అత్తగారినీ, ఆరేళ్ల బాబునీ తీసుకుని భవానీ ద్వీపం వెళ్దామనుకుంటున్నాం. ఎక్కేముందు ఏం చూసుకోవాలి?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం

జవాబు: ముందు బాబు లైఫ్ జాకెట్ సంగతి. పెద్దవాళ్ల జాకెట్ తాడు బిగించి తొడిగేస్తే సరిపోదు. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే నీళ్లలో అది పైకి జారిపోతుంది, మనిషి కిందికి పోతాడు. పిల్లల సైజు లేకపోతే ఆ బోటు వదిలేయండి, మొహమాటం వద్దు. అత్తగారి చీర కొంగు నడుముకి దోపి, దాని మీద జాకెట్ వేయండి. కొంగు పైకి వస్తే బకిల్ కనబడదు, దిగేటప్పుడు కమ్మీకి తగులుకుంటుంది.

ఎక్కేటప్పుడు సంచులు ముందు అందించి, ఒక్కొక్కరే, అడుగు బోటు మధ్యలో పడేలా దిగి వెంటనే కూర్చోండి. డీజిల్ వాసన పడనివాళ్లు ఇంజనుకి దూరంగా, ముందు వైపు కూర్చోవాలి.

మూడున్నర, నాలుగింటికల్లా బయల్దేరండి. తిరుగు ప్రయాణంలో ఊరి ఒడ్డు వైపు చూస్తుంటే కుడిచేతి పక్క ఇంద్రకీలాద్రి, బ్యారేజీ కనబడతాయి. పడమటెండ కొండ మీద పడే వేళ అది. ఇబ్బందీ అక్కడే ఉంది. గుడి కనబడగానే దండానికి కొందరు, సెల్ఫీకి కొందరు ఒక్క పక్కకే లేస్తారు. పై డెక్కు నిండి ఉంటే బోటు ఇట్టే ఒరుగుతుంది. దండం కూర్చునే పెట్టుకోవచ్చు, అమ్మవారు ఏమీ అనుకోదు.

చివరి బోటు దాకా ఆగకండి. రద్దీ అంతా దానికే. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వైపు పవిత్ర సంగమం ఘాట్ దగ్గర బోల్తా పడింది అనుమతి లేకుండా, పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న బోటే. టికెట్ కౌంటర్లోనే కొనండి, రేవులో పిలిచేవాళ్ల దగ్గర కాదు.

ప్రశ్న: వానాకాలంలో నది నిండుగా ఉన్నా బోట్లు ఆపేస్తారెందుకు?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ దించి ఉంటే ఎగువన నది చెరువులా నిలకడగా ఉంటుంది. ఇంజను ఆగినా బోటు పెద్దగా కదలదు. గేట్లు ఎత్తాక నీటి లాగుడంతా వాటి వైపే. అప్పుడు ఇంజను ఆగితే బోటు నేరుగా గేట్ల మీదికే పోతుంది. 2024 సెప్టెంబరులో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, కట్లు తెగిన ఖాళీ బోట్లు కొట్టుకొచ్చి 67, 69, 70 గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లను, అంటే గేటు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను, దెబ్బతీశాయి. మనుషులున్న బోటైతే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

వరద తగ్గాక కూడా వెంటనే నడపరు. కొత్తగా పడ్డ ఇసుక మేటలు పైకి కనబడవు, బోటు అడుగు వాటికి ఆనుతుంది. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. బోటు నడిపే సరంగులు ఖాళీ బోటు తిప్పి దారి చూసుకున్నాకే జనాన్ని ఎక్కిస్తారు. అందుకే గుంటూరు నుంచి బయల్దేరేముందు ఘాట్ కౌంటర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.