ముందు తోటను చూడు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

నిన్న ఫోన్‌లో పట్టుపురుగుల షెడ్డు సంగతులన్నీ చెప్పావు. రేకులు, స్టాండ్లు, లోను, అన్నీ. మల్బరీ తోట గురించి మాత్రం ఒకే మాట అన్నావు: "యూరియా బాగా వేశాను మామా, ఆకు నల్లగా నిగనిగలాడుతోంది." అది విన్నప్పటినుంచి నాకు టెన్షన్‌గా ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఈ పలమనేరు పక్కన ముప్పై ఏళ్లుగా పురుగులు మేపుతున్నాను. పట్టుపురుగు తినేది మల్బరీ ఆకు ఒక్కటే, నీళ్లు కూడా విడిగా తాగదు. పట్టు అంటే ప్రోటీనే. అందులో దాదాపు 70 శాతం నేరుగా ఆ ఆకు ప్రోటీన్ నుంచే వస్తుంది. దారంలో ఎక్కువగా ఉండే గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే అమైనో ఆమ్లాలను, అంటే ప్రోటీన్‌ను కట్టే ముక్కలను, పురుగు తన ఒంట్లో తనే చేసుకోగలదు. లైసిన్, మెథియోనిన్, ట్రిప్టోఫాన్ లాంటి పదింటిని మాత్రం చేసుకోలేదు, అవి ఆకులోంచి రావాల్సిందే. వాటిలో ఒక్కటి తక్కువైనా, మిగతావి ఎన్ని ఉన్నా ఒంటికి పూర్తిగా పట్టవు. మన సంగటినే చూడు. రాగిలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ. మనకు సంగటి పక్కన పప్పు ఉంటుంది. పురుగుకు పక్కన ఇంకో గిన్నె లేదు.

ఇక యూరియా. మోతాదు మించితే అందులోని నత్రజని అంతా ప్రోటీన్‌గా మారదు, కొంత నైట్రేట్‌గానే ఆకులో ఉండిపోతుంది. ఆకు చూపుకు బాగుంటుంది, లోపల నీరు ఎక్కువ. నేనూ ఒక ఏడు ఇలాగే చేశాను. నాలుగో జ్వరం, అంటే చివరిసారి పొర విడిచే నిద్ర, లేచి పురుగులు మూడు రోజులు బాగానే తిన్నాయి. నాలుగో రోజు పొద్దున స్టాండు మీద చెయ్యి పెడితే పెంటికలు మెత్తగా వేలికి అంటుకున్నాయి. మంచి పురుగు పెంటిక గట్టిగా, ఆరు పలకలుగా, చిన్న విత్తనంలా ఉంటుంది. సాయంత్రానికి పురుగులు వాడిపోయి పడుకున్నాయి. ఫ్లాచరీ అనే రోగం. మిగిలినవి కట్టిన పట్టుగూళ్లు వేళ్లతో నొక్కితే లోపలికి పోయాయి. ఆ రోజు మీ అత్త ఏమీ అనలేదు, అదే ఇంకా గుర్తుంది.

నీది వి-1 రకం మల్బరీ తోట కదా. నీటి వసతి ఉన్న తోటకు ఎకరాకు ఏడాదికి 140 కిలోల నత్రజని చాలు. అయిదు పంటలకు పంచితే పంటకు 28 కిలోల నత్రజని, అంటే సుమారు 60 కిలోల యూరియా. దానితో పాటు భాస్వరం, పొటాష్, ఏడాదికి 8 టన్నుల పశువుల ఎరువు. ఎరువు మానేసి యూరియాతో సరిపెట్టుకోవద్దు.

ఆకు వయసు కూడా చూడు. చాకీ పురుగులకు, అంటే పసి పురుగులకు, కొమ్మ చివర మెరిసే పెద్ద ఆకు, దాని కింది రెండు మూడు ఆకులు పెట్టాలి. అందులో ప్రోటీన్, తేమ ఎక్కువ, పీచు తక్కువ. పెద్ద పురుగులకు కొమ్మలు కత్తిరించాక 60, 65 రోజులు పెరిగిన ఆకు సరిపోతుంది. పసుపు తిరిగిన ముదురాకు ఎంత వేసినా ఈనెలు మిగిల్చి తింటూనే ఉంటాయి, బరువు మాత్రం పెరగదు. చాలామంది దాన్ని చూసి పురుగులకు ఆకలి బాగుంది అనుకుంటారు! మొత్తం మేతలో 80 శాతానికి పైగా గూడు కట్టే ముందు వచ్చే చివరి దశ, అయిదో దశలోనే తింటాయి. ఆ వారం రోజులు ఆకు బాగాలేకపోతే అంతకుముందు పడ్డ కష్టమంతా పోతుంది.

ఆకు పొద్దున్నే కొయ్యి, ఎండలో వద్దు. తడి గోనెపట్టా కప్పు. కుప్పగా పోస్తే లోపల వేడెక్కుతుంది, అలాంటి ఆకు వెయ్యకు.

గుడ్లకు ఇంకా డబ్బు కట్టకు. ఆదివారం నేను వస్తాను. యూరియా ఏ రోజు వేశావో, ఎన్ని కిలోలు వేశావో, కొమ్మలు ఎప్పుడు కత్తిరించావో ఒక కాగితం మీద రాసి ఉంచు. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామ