ఫోన్ తెరిస్తే పసిబిడ్డలే కనిపిస్తున్నారు అక్కా

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. నాకు 27 ఏళ్లు. మూడు నెలల కింద, ఐదో నెలలో అబార్షన్ అయింది. అప్పటినుంచి ఇన్‌స్టా తెరిచినా యూట్యూబ్ తెరిచినా శ్రీమంతం వీడియోలు, చంటిపిల్లల బట్టలు, తొట్లో వేసే ఫంక్షన్లు, ఇవే వస్తున్నాయి. డిస్‌లైక్ కొడుతున్నా, ఒకసారి కోపమొచ్చి కామెంట్ కూడా పెట్టినా, ఇంకా ఎక్కువైనాయి. మా ఆయన ఏమో నువ్వు వెతుకుతావు కాబట్టే వస్తాయి, అన్నీ డిలీట్ చేసెయ్, స్కాన్ ఫొటోతో సహా అంటాడు. వచ్చే నెల తాడిపత్రిలో మా చిన్నమ్మ కూతురి శ్రీమంతం. ఆ పిల్ల ఫొటోలు చూసినా ఒళ్లు మండుతోంది. నాకు కుళ్లు పుట్టిందా అక్కా?

జవాబు: చెల్లెమ్మా, ఆఖర్లో అడిగినదానికే ముందు చెప్తా, అది కుళ్లు కానే కాదు. ఆ పిల్లకి చెడు జరగాలని నువ్వు కోరుకుంటే కదా కుళ్లు, నువ్వు రాసిన దాంట్లో అట్లాంటి మాట ఒక్కటీ లేదు. ఐదో నెలంటే బిడ్డ కదలిక తెలిసే టైము, పేర్లు కూడా అనుకునే ఉంటారు, ఇంకొకరి కడుపు చూస్తే నీ బిడ్డ గుర్తు రాకుండా ఎట్లుంటుంది చెప్పు.

మీ ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. కడుపుతో ఉన్నప్పుడు నువ్వు వెతికినవి, చూసినవి అన్నీ ఆ యాప్‌ల లెక్కలో ఉన్నాయి. మిగతా సగం ఆయనకి తెలీదు. నువ్వు ఏ వీడియో దగ్గర ఆగినావు, ఎన్ని సెకన్లు చూసినావు, కామెంట్ పెట్టినావా, ఎవరికన్నా పంపినావా, ఇవీ దానికి కావాల్సినవి, నువ్వు ఏడుస్తా ఆగినావో మురిసిపోయి ఆగినావో దానికి తెలిసే దారి లేదు కదా, ఆగింది కాబట్టి ఇంకో పది చూపిద్దాం అనుకుంటుంది. కోపంగా పెట్టిన కామెంటూ దానికి కామెంటే. డిస్‌లైక్ సంగతి కూడా అంతే, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్లు 2022లో యూట్యూబ్ మీద పరిశీలన చేసి డిస్‌లైక్ కొడితే ఆగేవి చాలా తక్కువ అని తేల్చినారు, ఆ ఛానల్‌నే రికమెండ్ చేయొద్దు అని నొక్కడం, హిస్టరీలోంచి తీసేయడం దానికంటే మేలంట, అయినా పూర్తిగా ఆగవు. కాబట్టి రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

ఒక ఆదివారం పొద్దున మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో. యూట్యూబ్‌లో ఆ నెలల హిస్టరీ తీసేయండి. ఇన్‌స్టాలో అట్లాంటి రీల్ వస్తే పూర్తిగా చూడకుండా నాట్ ఇంట్రెస్టెడ్ నొక్కు, సెట్టింగ్స్‌లో కంటెంట్ ప్రిఫరెన్సెస్ అని ఉంటుంది, అక్కడ చూడకూడదనుకున్న మాటలు రాసుకోవచ్చు, సజెస్ట్ చేసేవన్నీ మొదటినుంచి రీసెట్ కూడా చేయొచ్చు. గూగుల్‌లో మై యాడ్ సెంటర్‌కి పోతే ప్రెగ్నెన్సీ, పేరెంటింగ్ యాడ్స్ తగ్గించుకునే వీలుంది, ఇది చాలామందికి తెలీదు. ఇంకోటి, కడుపుతో ఉన్నప్పుడు వారం వారం బిడ్డ ఎంత పెరిగిందో చెప్పే యాప్ ఏదన్నా పెట్టుకోనుంటే దాన్ని ఊరికే తీసేయొద్దు, ముందు దాంట్లో ప్రెగ్నెన్సీ ఆగిపోయిందని పెట్టి అకౌంట్ కూడా క్లోజ్ చెయ్, లేకపోతే డెలివరీ డేట్ దగ్గరికొచ్చేసరికి మెసేజ్‌లు రావొచ్చు, ఆ రోజు నువ్వు తట్టుకోలేవు.

చెల్లెల్ని అన్‌ఫాలో చేయొద్దు, మ్యూట్ చెయ్. ఆ పిల్లకి తెలీదు, నీకు బాగనిపించినప్పుడు తీసేయొచ్చు. తాడిపత్రికి పోవడం మాత్రం నీ ఇష్టం, పోకపోతే నలుగురూ ఏమనుకుంటారో అని పోయి అక్కడ గాజులు తొడిగే టైముకి బాత్రూమ్‌లో ఏడవడం నాకు ఇష్టం లేదు. మీ అమ్మ చేతికి చీర, గాజులు ఇచ్చి పంపు, ముందురోజు ఆ పిల్లకి ఫోన్ చేసి "నువ్వు చల్లగా ఉండాల, నాకే ఇప్పుడు రావడానికి మనసు రావడం లేదు" అని చెప్పు. అర్థం చేసుకుంటుంది.

నిద్ర పట్టక, తిండి పోక, దేని మీదా ఆశ లేక రెండు వారాలు దాటితే 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అంటారు, మనసు బాధలు చెప్పుకోడానికి ప్రభుత్వం 2022లో పెట్టిన ఫోన్ లైను, డబ్బులేమీ లేవు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి అయినా పలుకుతారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం రెండు వారాలు చూడొద్దమ్మా, ఆ నిమిషమే చెయ్. మన సర్వజన ఆసుపత్రిలో మానసిక డాక్టర్లకీ చూపించుకోవచ్చు.

మీ ఆయన్ని కూడా ఒకసారి అడుగు, "నువ్వు ఎప్పుడన్నా ఏడ్చినావా" అని. స్కాన్ ఫొటో కూడా తీసేయమంటున్నాడంటే అది చూడలేక ఆయనా లోపల నలిగిపోతున్నాడేమో అని నాకు అనిపిస్తోంది. ఆ ఫొటో మాత్రం డిలీట్ చేయొద్దు తల్లీ. ఒక ఫోల్డర్‌లో పెట్టి లాక్ వేసి, వీలైతే ప్రింట్ తీయించి మీ బీరువాలో చీరల మడతల మధ్య పెట్టుకో.