మాంసం కోసం మంద మొదలుపెడితే ఏ జాతి, ఏ క్రాస్?

తెనాలి దగ్గర నాలుగెకరాలు ఉంది, వీడియోల్లో విదేశాల్లో మాంసానికి పెంచే బ్రాహ్మన్, ఆంగస్ క్రాస్ పశువుల మందలు చూశాను, అలాగే మాంసానికి పశువుల మంద పెట్టాలనుకుంటున్నాను, ఏ జాతి తెచ్చుకోమంటారు అని అడిగారు. మాది గుంటూరు నుంచి అమరావతి వెళ్లే రోడ్డులో లాం ఫారం దాటాక వచ్చే ఊరు, నాకు గొర్రెల మంద ఉంది, మా బావమరిదికి మీ వైపే మాగాణిలో ఇంకో మంద ఉంది. ఆ రెండూ చూసి చెబుతున్న మాటలివి.

ముందు ఆవుల ఆలోచన మానేయండి, గొర్రెలు పెట్టుకోండి. మన దగ్గర 1977 నాటి చట్టం ఉంది. ఆవునీ దూడనీ కోయకూడదు, ఎద్దు, దున్నపోతు అయినా ఇక పనికిరాదని అధికారి సర్టిఫికెట్ ఇస్తేనే. వయసులో ఉన్న పశువుని మేపి బరువుకి అమ్ముకునే వ్యాపారం ఇక్కడ ఎలా నిలబడుతుంది? తమాషా ఏంటంటే మీరు చూసిన బ్రాహ్మన్‌లో మన ఒంగోలు రక్తం ఉంది, బ్రెజిల్ మాంసం మందల్లో ఎక్కువగా కనిపించే నెలోర్ అయితే ఇక్కడి నుంచి వెళ్లిన ఒంగోలు సంతతే. మనం అరక కట్టి, పందేలకి మేపి మురిసిపోయిన జాతి మీద వాళ్లు ఒక పరిశ్రమే కట్టుకున్నారు.

అయితే వాళ్ల పద్ధతి ఒకటి మాత్రం గొర్రెలకి అచ్చంగా పనికొస్తుంది. అక్కడి ఎండకి, గడ్డికి, పిడుదులకి తట్టుకునే నెలోర్ ఆవుల్ని మందగా పెట్టుకుంటారు, వాటికి ఆంగస్ వీర్యం వేయిస్తారు, పుట్టిన క్రాస్ దూడలు ఎక్కువగా మాంసానికే పోతాయి. అంటే తల్లి నేలకి సరిపోవాలి, మగది బజారుకి సరిపోవాలి. "మంచి జాతి ఏది" అని ఒకే ప్రశ్న అడిగితే ఈ రెండూ కలిసిపోయి, ఎవడి దగ్గర అమ్మకానికి ఏది ఉంటే అదే మంచి జాతి అయిపోతుంది.

తల్లుల సంగతి. మన చుట్టుపక్కల సులువుగా దొరికేవి నెల్లూరు గొర్రెలు, అందులోనూ జోడిపి: ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ మూతి దగ్గరా నల్లమచ్చ. ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల, ఎర్రగా ఉంటే దొర. పొడుగు కాళ్లు, ఉన్ని ఉండదు, ఎంత దూరమైనా నడిచి మేస్తాయి. ఇంకోటి మాచర్ల గొర్రె, తెలుపు మీద పెద్ద పెద్ద నల్ల లేదా గోధుమ మచ్చలు ఉంటాయి, దీన్ని విడి జాతిగా గుర్తించారు కూడా. పల్నాడు రాళ్లల్లో తిరిగే మందకి అది చాలు. మీకైతే పెద్ద ఊరు వెళ్లి కొనడం కంటే, మాగాణిలోనే రెండు మూడు వానాకాలాలు గడిపిన జోడిపి మంద ఎవరి దగ్గరుందో వెతకండి, రంగు కాస్త తేడాగా ఉన్నా పరవాలేదు. ఎందుకంటే కాలవ గట్ల మీద, నీళ్లు నిలిచిన మళ్లల్లో నత్తలు ఉంటాయి, వాటి వల్ల కార్జానికి జలగ పడుతుంది. మెట్ట నుంచి దిగిన గొర్రె మొదటి ఏడాది దవడ కింద నీరు పట్టి, చిక్కి శల్యమైపోవడం మా బావమరిది మందలో కళ్లారా చూశాను. గిట్టలు కుళ్లడం సరేసరి.

సంతలో కొంటే రంగు చూడకుండా ఇవి చూడండి. కింది పెదవి వంచితే ముందు రెండు పెద్ద పళ్లు వచ్చి ఉంటే ఏడాది, ఏడాదిన్నర మధ్య. నాలుగు ఉంటే రెండేళ్లకి అటూ ఇటూ. రెండు, నాలుగు పళ్లవే తీసుకోండి. కంటి కింద రెప్పని బొటనవేలితో లాగి చూడండి, ఎర్రగా ఉండాలి, పాలిపోయి తెల్లగా ఉంటే కడుపు నిండా పురుగులే. పొదుగుని చేత్తో నొక్కితే మెత్తగా రెండు వైపులా సమానంగా ఉండాలి, లోపల గడ్డ తగిలిందంటే ఒకపక్క పాలు లేనట్టే, ఆ పిల్ల బతికినా బరువు రాదు. అమ్మేవాడు మాటల్లో పెడతాడు, మీరు చెయ్యి తీయకండి.

ఇక పొట్టేలు. మీ సరుకు ఎక్కడికి పోతుందో ముందు తేల్చుకోండి. ఆదివారం మటన్ కొట్లకి అయితే త్వరగా కండపట్టే పిల్ల కావాలి. బక్రీద్‌కి అయితే ఎత్తు, కొమ్ములు, నిండైన రూపం కావాలి, చెవి తెగినా కొమ్ము విరిగినా బేరగాడు పక్కకి తోసేస్తాడు. రెండోదానికి మంచి జోడిపి పొట్టేలుని మించింది లేదు, క్రాస్ అక్కర్లేదు.

మొదటిదానికి ఇప్పుడు అందరూ డార్పర్ అంటున్నారు. అది దక్షిణాఫ్రికాలో డోర్సెట్ హార్న్, బ్లాక్‌హెడ్ పర్షియన్ కలిపి మెట్ట నేలల కోసం తయారు చేసిన జాతి. మన జోడిపి మీద వేస్తే మొదటి తరం పిల్లలు దిట్టంగా పుడతాయి, నిజమే. కానీ అది దాణా, దశరథ గడ్డి, కంది పొట్టు దండిగా పడితేనే, కోసిన వరి మడిలో తిప్పితే తేడా కనపడదు. అసలు చిక్కు తర్వాతి తరంలో. క్రాస్ ఆడపిల్లల్ని ఉంచుకుని వాటికి క్రాస్ పొట్టేలునే వదిలితే, మొదటి తరంలో వచ్చిన ఊపు సగం పోతుంది, ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా, మంద కలగాపులగం అయిపోతుంది. పైగా వానాకాలం దోమల లాంటి చిన్న ఈగల వల్ల వచ్చే నీలి నాలుక జబ్బు విదేశీ రక్తం ఉన్నవాటిని ఎక్కువ పట్టి పీడిస్తుంది. నన్నడిగితే క్రాస్ పిల్లలన్నీ, ఆడవి కూడా, అమ్మేయండి. మందలో ఉంచుకునే ఆడపిల్లల కోసం తల్లుల్లో మంచివాటికి జోడిపి పొట్టేలునే వాడండి.

కవలలు వేస్తుందని నారి సువర్ణ అనే గొర్రె గురించి కూడా అడుగుతారు. అది మహారాష్ట్ర ఫల్టణ్‌లో దక్కనీ గొర్రెలోకి సుందరవనాల గరోలు జన్యువుని ఎక్కించి తెచ్చింది. రెండు పిల్లలు సరే, రెండింటికీ పాలు చాలాలిగా? ఈనిన తర్వాత తల్లికి విడిగా దాణా పెట్టే ఓపిక లేకపోతే దాని జోలికి వెళ్లకండి.

పాతిక గొర్రెలకి ఒక పొట్టేలు చాలు, కాబట్టి డబ్బులు పొట్టేలు మీద పెట్టండి, ఎందుకంటే పుట్టే ప్రతి పిల్లలో సగం దానిదే. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉండాలి. వీలైతే దాని తల్లిని కూడా చూడనివ్వమనండి, చూపించకపోతే బేరం వదిలేయండి. తెచ్చాక కొన్నాళ్లు విడిగా కట్టి, పీపీఆర్ అనే అంటు జబ్బుకి టీకా వేయించి, పేడ పరీక్ష చేయించాకే మందలో కలపండి. రెండేళ్లు తిరిగేసరికి దాని కూతుళ్లే ఎదకొస్తాయి, అప్పటికి దాన్ని పక్క ఊరి మందతో మార్చుకోవడమో అమ్మేయడమో చేయాలి. ఎంత బాగా మేపిన పొట్టేలైనా సరే.