రాజ్యాంగ సభలోని రాజీలను తరగతిలో చెప్పబోతున్న శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

డిగ్రీ కళాశాలలో చేరిన మొదటి సంవత్సరమే నీకు భారత రాజ్యాంగ రచన పాఠం అప్పగించారని, రాజ్యాంగ సభ చేసుకున్న రాజీలను పిల్లలకు ఎలా చెప్పాలో తోచడం లేదని రాశావు. చాలా ఏళ్లు అదే పాఠం చెప్పినవాణ్ణి కనుక, నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఒక అలవాటును మానుకోమంటాను. మన కళాశాలల్లో ఈ పాఠం చాలాచోట్ల ఐర్లండు నుంచి ఆదేశిక సూత్రాలు, అమెరికా నుంచి ప్రాథమిక హక్కులు, కెనడా నుంచి బలమైన కేంద్రం అనే పట్టికతో మొదలై పట్టికతోనే ముగుస్తుంది. గ్రూప్స్ పరీక్షల బిట్లకు అది చాలు. ఆ సభలో కూర్చున్నవారు దేనికోసం వాదులాడుకున్నారో, ఎవరు ఎక్కడ తగ్గారో మాత్రం అందులో కనిపించదు. ముసాయిదాకు 7,635 సవరణలు ప్రతిపాదనకు వచ్చాయని, వాటిలో 2,473 సభ ముందు చర్చకు వచ్చాయని అంబేద్కర్ 1949 నవంబరు 25న స్వయంగా చెప్పారు. పట్టిక చూసి రాసిన రాజ్యాంగానికి అన్ని సవరణలు ఎందుకు వస్తాయని పిల్లలనే అడుగు.

రాజీల జోలికి వెళ్లేముందు, బేరానికి పెట్టని విషయాలు ఏవో చెప్పు. ఆ సభ్యులను ఎన్నుకున్నవి రాష్ట్రాల శాసనసభలు. ఆ శాసనసభలు బ్రిటిష్ పాలనలో వచ్చిన 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న కొద్దిమంది ఓట్లతో ఏర్పడినవి. సంస్థానాల ప్రతినిధుల సంగతి వేరు. అలా పరిమితమైన ఓటుతో వచ్చినవారు వయోజనులందరికీ, స్త్రీపురుష భేదం లేకుండా, చదువుతో నిమిత్తం లేకుండా ఓటు హక్కు ఇచ్చారు. అస్పృశ్యతను రద్దు చేసే అధికరణ 1948 నవంబరు 29న సభ ఆమోదం పొందింది. ఈ రెండింటినీ ఎవరికోసమూ పలుచన చేయలేదు, వాయిదా వేయలేదు. ఇది మనసుకెక్కాకనే మిగిలినచోట్ల సభ ఎందుకు సర్దుకుపోయిందో విద్యార్థికి అర్థమవుతుంది. లేకపోతే ప్రతి రాజీ బలహీనతగా కనిపిస్తుంది, లేదా ప్రతి రాజీ వివేకంగా కనిపిస్తుంది.

ఆ తరువాత ఒక్కొక్క వివాదాన్నీ తీసుకుని, ఎవరు ఏమి వదులుకున్నారు, బదులుగా ఏమి పుచ్చుకున్నారు, చివరికి ఆ మూల్యం ఎవరు చెల్లించారు అని విచారించడం నేర్పు. మూడవదాన్ని మన పాఠ్యపుస్తకాలు దాదాపు ఎప్పుడూ అడగవు.

భాషా వివాదంతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. 1949 సెప్టెంబరు 12 నుంచి 14 వరకు జరిగిన ఆ చర్చ ప్రారంభంలో అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్, సంఖ్యాబలంతో ఏదైనా నెగ్గించుకున్నా దేశంలో గణనీయమైన భాగానికి అది సమ్మతం కాకపోతే అమలు చేయడం చాలా కష్టమవుతుందని సభ్యులను హెచ్చరించారు. చివరికి సభ్యులైన కె.ఎం. మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్ల పేరుతో ప్రసిద్ధమైన సూత్రం కుదిరింది: దేవనాగరి లిపిలోని హిందీ కేంద్ర ప్రభుత్వ అధికార భాష అవుతుంది, అంకెలు దేవనాగరిలో కాక 1, 2, 3 అనే అంతర్జాతీయ రూపంలో ఉంటాయి, ఇంగ్లీషు 15 ఏళ్లు కొనసాగుతుంది, ఆ తరువాత కూడా కొనసాగించే అధికారం పార్లమెంటుకు ఉంటుంది. అంకెల దగ్గర అంత పట్టుదల ఏమిటని పిల్లలు నవ్వుతారు. దక్షిణాది సభ్యులకు ఆ అంకెలు ఉద్యోగాలకు, లెక్కలకు, పరిపాలనకు సంబంధించిన హామీగా కనిపించాయని, హిందీ పక్షంవారికి అవే తమ విజయంలో లోటుగా తోచాయని వివరించు. ఈ ఒప్పందం ఎవరినీ పూర్తిగా తృప్తిపరచలేదు. అయినా గడువు దగ్గరపడినప్పుడు 1963లో అధికార భాషల చట్టం చేయడానికి, 1965లో మద్రాసు రాష్ట్రంలో ఉద్యమం చెలరేగిన తరువాత 1967లో ఆ చట్టాన్ని సవరించడానికి అందులోనే దారి ఉంది. దీన్ని నేను మంచి రాజీల కోవలోనే చేరుస్తాను.

దానికి ఎదురుగా వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణను నిలబెట్టు. 1947లో ప్రాథమిక హక్కుల తొలి పాఠంలో అమెరికా తరహా 'డ్యూ ప్రాసెస్' రక్షణ ఉండేది. అంటే మనిషి స్వేచ్ఛను హరించే చట్టం న్యాయంగా ఉందా లేదా అని కూడా న్యాయస్థానం చూడగలిగేది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చాక ఆ రక్షణ వద్దన్న వాదం బలపడింది; ముసాయిదా సంఘం దాన్ని తీసివేసి, చట్టం నిర్దేశించిన విధానాన్ని పాటిస్తే చాలని రాసింది. ఆ సంఘంలో సభ్యుడైన మన నెల్లూరు జిల్లా పూదూరు వాస్తవ్యుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఈ మార్పును సమర్థించారు. ఎన్నికైన శాసనసభలు చేసే సంఘ సంస్కరణ చట్టాలను న్యాయమూర్తులు తమ అభిప్రాయాలతో కొట్టివేస్తారేమోనన్న భయం ఒక కారణం, దేశవిభజన అల్లర్ల నడుమ నివారక నిర్బంధం, అంటే నేరం చేయకముందే విచారణ లేకుండా నిర్బంధించడం, అవసరమన్న ప్రభుత్వాల ఆలోచన ఇంకొకటి. 1948 డిసెంబరులో సభ దాన్ని ఆమోదించింది. అసంతృప్తి చల్లారకపోవడంతో 1949 సెప్టెంబరులో అంబేద్కర్, పోయినదానికి కొంత పరిహారంగా, ఇప్పటి 22వ అధికరణను తెచ్చారు. అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న రక్షణ అందులోదే. విచారణ లేకుండా నిర్బంధించే అధికారానికి రాజ్యాంగంలో చోటు దొరికిందీ అందులోనే. రక్షణ, నిర్బంధం ఒకే అధికరణలో ఎలా ఇమిడాయో చూపించు. మూల్యం ఎవరు చెల్లించారన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు వెంటనే దొరుకుతుంది: 1950లోనే కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ తన నిర్బంధాన్ని సవాలు చేస్తే సుప్రీంకోర్టు మెజారిటీ ఆ విధానం న్యాయమైనదా అని చూడటానికి నిరాకరించింది. ఆ రక్షణ చాలావరకు తిరిగి రావడానికి 1978 నాటి మేనకా గాంధీ తీర్పు దాకా ఆగవలసి వచ్చింది. ఇది చెడ్డ బేరమని నా నమ్మకం. ఆ మాట తరగతిలో నీ నోటితో చెప్పవద్దు, గోపాలన్ తీర్పు చదివాక వాళ్లనే తేల్చుకోనివ్వు.

ప్రభుత్వానికి దారి చూపే ఆదేశిక సూత్రాలకు ఒక పీరియడు చాలు. తేలని సరుకంతా ఎక్కించిన అటక అది అని నేను సరదాగా అనేవాణ్ణి. గ్రామ పంచాయతీలు మొదటి ముసాయిదాలో లేవు; గాంధేయులు నిలదీస్తే, ప్రకాశం పంతులు వంటివారు మద్దతు పలికితే, 1948 నవంబరు 22న కె. సంతానం ప్రతిపాదన ద్వారా అక్కడ చేరాయి. గోసంరక్షణ కూడా హక్కుగా రాలేదు. వ్యవసాయ, పశుపోషణాభివృద్ధి మాటల మధ్య ఆదేశంగా చేరింది. కోర్టులకు వెళ్లడానికి వీలులేని చోట పెట్టినందువల్లనే ఇరుపక్షాలూ ఒప్పుకోగలిగాయి. అయితే అటక మీది వస్తువు ఎప్పుడూ అక్కడే ఉండిపోదు. 1992 నాటి 73వ సవరణతో పంచాయతీలు కిందికి దిగివచ్చాయి.

భాషాప్రయుక్త రాష్ట్రాల సంగతిని మాత్రం చివరికి ఉంచు, తొందరపడకు. సభ ఆ నిర్ణయాన్ని వాయిదా వేసింది. ఆ విషయం పరిశీలించడానికి వేసిన దార్ కమిషన్ 1948లో అప్పుడే వద్దంది. నెహ్రూ, పటేల్‌తో పాటు మన పట్టాభి సీతారామయ్య ఉన్న కమిటీ ఆంధ్ర విషయంలో మినహాయింపు ఇవ్వవచ్చంటూనే మద్రాసు నగరంపై ఆశ వదులుకోవాలంది. సరిహద్దులను రాజ్యాంగంలో స్థిరపరచలేకపోయారు కనుకనే 3వ అధికరణ కింద కొత్త రాష్ట్రాలను ఏర్పరిచే అధికారం పార్లమెంటు సాధారణ మెజారిటీ చేతికి వచ్చింది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, సమ్మతి మాత్రం అక్కర్లేదు. వాయిదాకు మూల్యం 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 2014లో రాష్ట్ర శాసనసభ తిరస్కరించిన బిల్లునే పార్లమెంటు ఆమోదించగా జూన్ 2న తెలంగాణ అవతరించడానికి ఆధారమైనదీ ఆ అధికరణే.

నీ తరగతిలో రెండు రాష్ట్రాల పిల్లలూ ఉంటారు కనుక ఆనాడు వాదన వేడెక్కుతుంది. ఆపవద్దు. మాట్లాడేవారెవరైనా ముందు 3వ అధికరణను చదివి వినిపించి, శాసనసభ సమ్మతిని తప్పనిసరి చేసివుంటే 1953లో ఏమయ్యేదో, 2014లో ఏమయ్యేదో రెండింటికీ జవాబు చెప్పాలని నియమం పెట్టు. చర్చల సంపుటాలు లోక్‌సభ వెబ్‌సైటులో ఉన్నాయి. 3వ అధికరణపై చర్చ జరిగిన 1948 నవంబరు 17, 18 తేదీల భాగాన్ని ముద్రించి ముందురోజే వాళ్ల చేతికివ్వు.

ఇట్లు,
నీ పాత అధ్యాపకుడు